దిష్టి తీసిన మనిషినే అడగాలి

ఈ ఉదయం మా స్కాన్ గదిలో కొత్తగా చేరిన డాక్టరమ్మాయి యంత్రం చప్పుడు పూర్తిగా తగ్గించేసింది. ఒక పెద్దాయన మెడ మీద ప్రోబ్ ఆనించి, తెర మీద ఎరుపూ నీలమూ కదులుతుంటే చూస్తూ కూర్చుంది. "సౌండ్ ఎందుకు మేడమ్, తలనొప్పి తప్ప" అంది. నేను చెయ్యి చాపి మీట తిప్పాను. గదంతా ఆ చప్పుడుతో నిండిపోయింది. తడి ఇసుక మీదికి అల ఎక్కి వెనక్కి జారినట్టు, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒకసారి. మెడలోంచి తలకు ఎక్కే రక్తం చప్పుడది. అది వినపడగానే గ్రేసమ్మగారు నా భుజం వెనక నిలబడి ఉన్నారనిపించింది. వెనక్కి తిరిగి కూడా చూశాను. చూసి నన్ను నేనే తిట్టుకున్నాను గానీ, కళ్ళు మాత్రం తడిసిపోయాయి.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి చెబుతాను. పొట్టి మనిషి. లేతరంగు నూలు చీర, ముక్కు మీదికి జారిపోయే కళ్ళద్దాలు, మెత్తటి గొంతు. నెల్లూరులో ఒక మేడ మీద రెండు గదుల స్కాన్ సెంటరు ఆమెది. ఆదివారం ఉదయం చర్చి, మిగతా రోజులన్నీ ఆ చీకటి గది. రేడియాలజీ చదువు ముగించి నేను పని అడగడానికి వెళ్ళినప్పుడు నా మార్కులు అడగలేదు, ఏ కాలేజీ అని అడగలేదు. నా చెయ్యి పట్టుకుని, "అబ్బ, ఐసుగడ్డ! ఈ చెయ్యి మెడ మీద పెడితే మనిషి బిగుసుకుపోడా? ముందు ఆ గిన్నెలో పెట్టు" అన్నారు. బల్ల పక్కన గోరువెచ్చటి నీళ్ళ గిన్నె ఉండేది, అందులో జెల్ సీసా ఎప్పుడూ మునిగి ఉండేది. పెద్ద డాక్టరు అయిన నేను, సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని, రెండు చేతులూ నీళ్ళలో ముంచి నిలబడ్డాను. మాది బుచ్చిరెడ్డిపాలెం, వరి పండించుకునే కుటుంబం. మా ఇంట్లో మాటకు మాట అనడం తప్ప ఊరుకోవడం ఎవరికీ రాదు, నాకు అసలే రాదు. అలాంటిదాన్ని ఆరోజు నోరు తెరవలేదంటే నాకే ఆశ్చర్యం.

మా నెల్లూరు వాళ్ళకు శాతాల పిచ్చి ఉంది. గుండెకైనా మెడకైనా స్కాన్ తీయించుకుని బయటికి రాగానే ఒకటే ప్రశ్న, బ్లాకు ఎంత శాతం? పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చుని, నాకు నలభై, నాకు అరవై అని చెప్పుకుంటారు. ఒకసారి మా ఊరి రైసుమిల్లు ఆయనే వచ్చాడు. మెడలో కుడివైపు రక్తనాళం చాలావరకు మూసుకుని ఉంది. డెబ్బై దాకా ఉంటుందని నేను నోరు జారేసరికి ఆయన ముఖం పాలిపోయింది. "అయితే నా పని అయిపోయినట్టేనామ్మా?" అన్నాడు. గ్రేసమ్మగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఏం అయిపోలా. ఇది ఎన్నో ఏళ్ళ నాటిది, సున్నంలాగా గట్టిపడి గోడకు అతుక్కోని ఉండాది. నీకెప్పుడూ మాట తడబడలా, చెయ్యి జారలా, కన్ను మసకబారలా. మందులు మానవద్దు, చుట్ట మానెయ్, ఆరు నెల్లకోసారి వచ్చి నా ముఖం చూసిపో" అని పంపేశారు. ఆయన మెట్లు దిగాక నేను ఊరుకోలేక అడిగేశాను, డెబ్బై శాతం మనిషిని ఇంత తేలిగ్గా ఇంటికి పంపుతారా అని.

"ఎంత మూసిందో అందరూ చూస్తారు శైలా. ఎట్టాంటిదో కూడా చూడాల" అన్నారామె. "గిన్నె అడుగున అన్నం మాడి అంటుకుంటే గరిటెతో గీకినా రాదు. ఆయనది అట్టాంటిది. పాల మీద అప్పుడే కట్టిన మీగడ చూసినావా? కింద అంతా కదిలిపోయే ద్రవం, పైన పల్చటి పొర. నోటితో ఊదితే చిరిగిపోతుంది. అట్టాంటి కొవ్వు సగమే మూసినా, ఒకరోజు పొర చిరిగి ముక్క లేచిందంటే నేరుగా తలకే పోతుంది." తెర మీద గట్టిది తెల్లగా మెరుస్తుంది, మెత్తది నల్లగా, ఉండీ లేనట్టు ఉంటుంది. లేనట్టు ఉన్నదాన్ని చూడడానికి కళ్ళకు ఎంత ఓపిక కావాలో నాకు అక్కడే తెలిసింది. ఒక్కో మెడ మీద ఆమె గడిపే సమయంలో నేను మూడు కడుపులు చూసేసేదాన్ని. బయట కూర్చున్నవాళ్ళు గొణుక్కునేవాళ్ళు. ఆమెకు చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు.

ఏప్రిల్ నడుమ నుంచి రెండు నెలల పాటు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం. పడవలు ఒడ్డెక్కుతాయి, తీరం జనానికి తీరిక దొరుకుతుంది, అప్పటిదాకా పక్కన పెట్టిన ఒంటి బాధలన్నీ అప్పుడే గుర్తొస్తాయి. అందుకే ఎండాకాలం మా మెట్ల మీద సముద్రం ఊళ్ళవాళ్ళు బారులు తీరేవాళ్ళు. అలా ఒక ఏడు, నిషేధం మొదలైన తొలి రోజుల్లో, జువ్వలదిన్నె నుంచి కామాక్షి అనే ఆమె కడుపునొప్పితో వచ్చింది. తోడుగా ఆమె భర్త పోలయ్య. రేవులో చేపల వేలం పాట పాడేది ఆయనే. పడవలు రాగానే గంపలు వరుసగా పెట్టి, వ్యాపారులు చుట్టూ మూగితే, వంజరమా చందువా అని పేరు చెప్పి ధర ఎక్కిస్తూ పోవాలి. సముద్రం హోరు మీదా ఇంజన్ల మోత మీదా వినపడే గొంతు కావాలి, ఒక్క క్షణం ఆగని నాలుక కావాలి. ఆయన మామూలుగా మాట్లాడితేనే పక్క గదిలో వాళ్ళు తొంగి చూశారు.

కామాక్షి పిత్తాశయంలో రాళ్ళున్నాయి, దానికేం కంగారు లేదు. ఆమె కడుపు మీది జెల్ తుడుస్తూ గ్రేసమ్మగారు, "ఏం పోలయ్యా, చేతికి కొత్త నల్లతాడు కట్టినావే?" అని ఊరికే పలకరించారు. సమాధానం కామాక్షి చెప్పింది. "దిష్టి తగిలిందమ్మా ఈయనకి! ఆఖరి పాట రోజున నడిమధ్యన మాట పడిపోయింది. ఏంది ఏందో గొణుగుతుండాడు. తాగినాడని నవ్వుకున్నారంట అందరూ. ఇంటికి తీసుకొస్తే నేను ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో ఏసినా. ఒక్క మిరపకాయైనా ఘాటొస్తే ఒట్టు! అంత దిష్టి. తీసీ తీయంగానే మాటొచ్చేసింది. ముందురోజు మద్రాసు యాపారి ఒకడు, ఏం గొంతయ్యా నీది అన్నాడంట. వాడి కళ్ళు మండిపోను."

నాకు ముందు నవ్వు వచ్చింది, వెనకే ఒళ్ళు మండింది. నేను దిష్టిని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. "మాట పడిపోతే ఆస్పత్రికి రావాలి గానీ మిరపకాయలు తిప్పుకుంటూ..." అని అందుకున్నాను. గ్రేసమ్మగారు నావైపు చూడకుండానే చెయ్యి ఎత్తారు. తుడిచే గుడ్డ పక్కన పెట్టి కామాక్షి దగ్గరగా కూర్చున్నారు.

"ఏం చూసి దిష్టి అనుకున్నావు కామాక్షీ? మొదటి నుంచి చెప్పు."

"మొహం చూసే గదమ్మా. కుడిపక్క మూతి జారింది. ఉప్పు తిప్పి ఉమ్మమంటే ఉమ్మలేకపోయినాడు, ఆ పక్కనే గడ్డం మీద కారిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారికి బాగానే ఉమ్మినాడు."

"చెయ్యి?"

"తువ్వాలు చేతికిచ్చి తుడుచుకోమంటే జారిపోయింది. ఆ చెయ్యే, కుడిచెయ్యి. పొయ్యిలో మిరపకాయలు మాడిపోయేలోపల మళ్ళీ పట్టుకున్నాడు."

గ్రేసమ్మగారి ముఖంలో నవ్వు పోయింది. "పోలయ్యా, నువ్వు వచ్చి ఈ బల్ల మీద పడుకో" అన్నారు. ఆయన నిజంగానే తెల్లబోయాడు. "నాకేందమ్మా? నాది తగ్గిపోయిందిగా!" అన్నాడు. "తగ్గిపోయిందనే నా భయం. తగ్గకపోయుంటే మీరే పరిగెత్తుకోని వచ్చుందురు" అన్నారామె. తర్వాత ఎన్నోసార్లు ఈ సంగతి నాకు చెప్పారు. మాట పోయి తిరిగి వచ్చినా, చెయ్యి పడిపోయి మళ్ళీ లేచినా, ఒక కంటికి తెర దిగి తొలగినా, మన జనం తగ్గింది కదా అని దేవుడికి దణ్ణం పెట్టుకుని పనిలో పడతారు. దిష్టి తీసిన తర్వాత తగ్గితే ఇక చెప్పనక్కర్లేదు, దిష్టేనని రుజువైపోయినట్టే. నిజానికి అది ఎక్కడో చిరిగిన పొర నుంచి ఒక చిన్న ముక్క లేచి, తలలో ఒక దారికి అడ్డుపడి, కరిగిపోయిన సంగతి. రెండో ముక్క కరగకపోతే అది పక్షవాతం.

కుడివైపు మెడ శుభ్రంగా ఉంది. ఎడమవైపు, దవడ కింద రక్తనాళం రెండుగా చీలే చోట, సగం దాకా మూసుకుని ఉంది. శాతాల లెక్కన చూస్తే భయపడేంతది కాదు. కానీ ఆమె ప్రోబ్‌ను వెంట్రుకవాసి కదుపుతూ, వెలుతురు సర్దుతూ, తెర మీద ఒక నల్లటి మచ్చ దగ్గర ఆగిపోయారు. అంచు మీద చిన్న గుంట, చీమ కొరికినంత. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ గుంటలోకి రక్తం సుడి తిరిగి వస్తోంది. ఎడమవైపు తల అంటే మాట ఉండే వైపు, కుడిచేతినీ కుడి మూతినీ నడిపే వైపు. పాట పాడి బతికే మనిషికి ఆ వైపే వచ్చి కూర్చుంది ఈ పీడ.

ఆ పూటే తెలిసిన నరాల డాక్టరు దగ్గరికి పంపి, తలకు స్కాన్ తీయించి, రక్తం పల్చబరిచే మందూ కొవ్వు తగ్గించే మందూ మొదలుపెట్టించారు. బీడీ కట్ట ఆమే లాక్కుని చెత్తబుట్టలో వేశారు. ఇవన్నీ పోలయ్య ఒప్పుకున్నాడు. చెన్నైకి వెళ్ళి మెడ దగ్గర కోసి ఆ కొవ్వు తీయించుకోవాలి, అదీ ఆలస్యం చేయకుండా, అనగానే చెయ్యి గొంతు మీదికి పోయింది. "గొంతు మీద కత్తా? నా వల్ల కాదు తల్లీ. నా పాట పోతే నేనేంది? గంపలు మోసుకోవాల్సిందే. మందులు ఎన్నైనా మింగుతా. కత్తి మాత్రం వద్దు" అన్నాడు. కామాక్షి ఏడ్చింది, నేను అరిచాను. అరిచేకొద్దీ ఆయన బిగుసుకున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ మధ్యాహ్నం గ్రేసమ్మగారు అన్నం తినలేదు. ఇలాంటి హెచ్చరిక తర్వాత తొలి రోజులే గండమని మా ఇద్దరికీ తెలుసు.

రెండు రోజులు చూసి మూడోరోజు, "పద, సముద్రం చూసొద్దాం" అన్నారు. కారులో కావలి వైపు వెళుతుంటే దారిపొడవునా నేనే మాట్లాడాను. ఆయనకు ఏమేం చెప్పి భయపెట్టాలో వరుసగా వినిపించాను. ఆమె కిటికీలోంచి ఉప్పుమళ్ళు చూస్తూ ఊకొట్టారు. జువ్వలదిన్నెలో పడవలన్నీ ఒడ్డు మీద ఉన్నాయి. మగవాళ్ళు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. పోలయ్య మమ్మల్ని చూసి గబగబా చొక్కా తొడుక్కుని, ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి, కూల్‌డ్రింకులు తెమ్మని కేకేశాడు. ఆ కేక వీధి చివరి దాకా వినపడింది. ఆ గొంతు విని గ్రేసమ్మగారు నవ్వారు.

నేను చెప్పమన్న భయాలేవీ ఆమె చెప్పలేదు. సీసా చేతిలో పట్టుకుని, "పోలయ్యా, నీకు ఆరోజు మాట పోయింది గదా. బయట ఏం కనపడిందో కామాక్షి చెప్పింది. లోపల ఎట్టా ఉండింది నీకు?" అని అడిగారు.

అప్పటిదాకా ఎవరూ ఆ మాట ఆయన్ని అడిగినట్టు లేదు. నేల చూస్తూ మెల్లగా, ఆయన గొంతేనా అన్నట్టు చెప్పాడు. "అన్నీ తెలస్తనే ఉండాయమ్మా. ఎదురుగా ఉండేది చందువ అని తెలుసు. ధర ఎంత పలికిందో తెలుసు. ధర పెంచినోడి పేరు తెలుసు, వాడు నాకు మేనల్లుడు. నోట్లోకి రావడంలా. ఏదేదో వస్తుండాది. వాళ్ళు నవ్వతా ఉంటే నేను తాగలేదురా అని చెప్పాలనుకున్నా. అదీ రాలా. గాజుగది లోపల ఏసి తలుపు మూసినట్టు... యాభై ఏళ్ళ మనిషిని, ఏడుపొచ్చింది." కామాక్షి గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇది ఆమెకూ కొత్తే.

"మా నాయన బళ్ళో తెలుగు అయ్యవారు" అన్నారు గ్రేసమ్మగారు. అన్నేళ్ళలో ఆమె తన ఇంటి సంగతి చెప్పడం నేను వినడం అదే మొదలు. "పద్యం చదివితే పక్క క్లాసు పిల్లలు కూడా పాఠం మాని వినేవాళ్ళు. ఒకరోజు పొద్దున ఎడమకంటికి తెర దిగింది. మా అమ్మ కళ్ళల్లో నందివర్ధనం రసం పోసింది. కాసేపటికి బాగైంది. వేడి చేసిందిలే అనుకున్నాం. నేను అప్పటికి డాక్టరు చదువుతుండా, నాకూ తోచలా. ఆ వారంలోనే పడిపోయినాడు. బతికినాడు, తొమ్మిదేళ్ళు. ఒక్క మాట మిగిలింది ఆయనకు. 'సరే'. ఆకలేస్తే సరే, నొప్పైతే సరే, కోపం వస్తే సరే. మా అమ్మ పోయిన రోజు కూడా శవపెట్టె దగ్గర కూర్చోని సరే, సరే అంటానే ఉండినాడు."

పక్కింట్లో రేడియో పాడుతోంది. అంతసేపూ కారులో వాగినదంతా గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. పోలయ్య తన మెడ తడుముకుంటూ, "కోస్తే గొంతు పోదా?" అన్నాడు.

"కొందరికి బొంగురుపోతుంది. చాలామందికి మళ్ళీ వస్తుంది. నీకు వస్తుందని మాట ఇవ్వలేను. ఆపరేషన్‌కి దాని ముప్పు దానికి ఉండాది, అది కూడా దాచను. గొంతు వేరు, మాట వేరు పోలయ్యా. గొంతు పోతే చెవి దగ్గర పెట్టి వినచ్చు."

అప్పుడు కామాక్షి గడపలోంచి అంది. "బొంగురు గొంతుతోనైనా సరే, నన్ను నాలుగు తిట్లు తిట్టు. అదే చాలు నాకు." పోలయ్య ఆమె వైపు కోపంగా చూశాడు. చూసి, లేచి లోపలికి వెళ్ళి, బట్టలు పెట్టుకునే సంచి వెతకమన్నాడు.

చెన్నైలో ఆపరేషన్ బాగానే జరిగింది. తీసిన కొవ్వు గుజ్జులా ఉందనీ, పైపొర అప్పటికే చిరిగి ఉందనీ సర్జన్ ఫోన్ చేసి చెబితే, గ్రేసమ్మగారు ఫోను పెట్టేసి ఆ కుర్చీలోనే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. నేను మా ఊరి వైపు గుళ్ళో కామాక్షమ్మ తల్లికి కొబ్బరికాయ మొక్కుకున్న సంగతి ఆమెకు చెప్పలేదు. కానీ పోలయ్య గొంతు బొంగురుపోయింది. వేట మళ్ళీ మొదలైన రోజు, ఏడాదంతటిలో పెద్ద పాట, ఆయన బదులు మేనల్లుడు పాడాడు. ఆ మర్నాడే పోలయ్య మా మెట్లెక్కి వచ్చి, గుసగుసలాంటి గొంతుతో దులిపేశాడు. "నాకేం కాలేదు గదా! దిష్టితోనే పోయింది గదా! మంచి మెడను పట్టుకోని కోయించినారు. ఆ కుంకకి చందువకీ కానాగంతకీ తేడా తెలీదు, వాడు పాడినాడు నా పాట!" బయట కూర్చున్న రోగులందరూ విన్నారు. నా నోరు ఆగదు కదా, లేచి నిలబడ్డాను. గ్రేసమ్మగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చర్చిలో పాట వింటున్నట్టు విన్నారు.

వర్షాలు మొదలయ్యేసరికి గొంతు తిరిగి వచ్చింది, మునుపటి మోత మొత్తం వచ్చింది. అయినా ఆయన తిట్టడం మానలేదు. ఏటా మెడ చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా అదే పురాణం. ఊరికే కోసినారు, నాకేం కాలేదు. వస్తూ వస్తూ ఒక వంజరం చేప కూడా తెచ్చి మర్యాదగా బల్ల కింద పెట్టేవాడు, తిట్లు మాత్రం తగ్గించేవాడు కాదు. ఒకసారి నేను ఉండబట్టలేక, "ప్రాణం నిలబెడితే ఇదా మేడమ్ మీకు దక్కేది? కొంచెమైనా విశ్వాసం ఉండక్కర్లేదా?" అన్నాను.

"తిట్టనీ శైలా" అన్నారామె, కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ. "ఎన్ని మాటలు తిట్టినాడో విన్నావా? ఒక్కటైనా తడబడిందా? వరస తప్పిందా? ఆ చివర్న అన్నాడే ఒకటి, దానికి అర్థం నాకూ తెలీదు, అంత కష్టమైన మాట కూడా పలికినాడు." అని ఒక నవ్వు నవ్వారు. ఆమె అంత సంతోషంగా నవ్వడం నేను మరెప్పుడూ చూడలేదు. రానివ్వకుండా ఆపిన జబ్బును ఎవరికీ చూపించలేం. పడిపోయినవాణ్ణి లేపితే దండలు వేస్తారు, పడకుండా పట్టుకుంటే ఎందుకు లాగావని అడుగుతారు. ఆ అడగడాన్ని కడుపు నిండా తినగల మనిషిని ఒక్కరినే చూశాను. నాకు ఇప్పటికీ ఆ గుణం పూర్తిగా పట్టుబడలేదు, ఎవరైనా ఊరికే స్కాన్ చేశారని అంటే ముక్కు ఎర్రబడుతుంది. కానీ నోరు మూసుకుని, మాటలు స్పష్టంగా వస్తున్నాయా లేదా అని వినడం నేర్చుకున్నాను.

ఆ ఏడు నుంచి తీరం వైపు నుంచి ఎవరొచ్చినా, బీపీ, షుగరు అడిగిన తర్వాత ఆమె ఒక ప్రశ్న కలిపేవారు. ఈ మధ్య మీకెవరైనా దిష్టి తీసినారా? తీశారంటే, తీసిన మనిషిని పిలిపించేవారు. అత్తైనా, అమ్మైనా, పెళ్ళామైనా. "నువ్వూ నేనూ అడిగితే కాసేపు నలతగా ఉండిందంటారు, అంతే. దిష్టి తీసే మనిషి మొహం వంకే చూస్తది. మూతి చూస్తది, ఉమ్మించి చూస్తది. మనం చేసే పరీక్ష కూడా ఇంతే గదా" అనేవారు నాతో. చాలాసార్లు అది ఉత్త జ్వరమో, పిల్లాడు అన్నం మానేయడమో అయి ఉండేది. అయినా విసుక్కోకుండా మొత్తం వినేవారు. అప్పుడప్పుడూ, ఎప్పుడో ఒకసారి, వింటూ వింటూ చేతిలో పెన్ను పక్కన పెట్టేవారు. అప్పుడు నేను లేచి వెళ్ళి యంత్రం స్విచ్చి వేసేదాన్ని.

పోయిన చలికాలంలో గ్రేసమ్మగారు వెళ్ళిపోయారు. న్యుమోనియా. వయసు మీద పడింది, నాలుగు రోజుల్లో అయిపోయింది. చర్చి నిండా జనం. నేను పనులన్నీ చూశాను, వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయించాను, ఎవరితోనో పూల విషయంలో గొడవ కూడా పెట్టుకున్నాను. ఏడవలేదు. ఏడవడానికి నాకు తీరిక లేదని చెప్పుకున్నాను. వారం తర్వాత పోలయ్యకు ఎవరూ చెప్పలేదని గుర్తొచ్చింది. ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. పొద్దున్నే కారు తీసుకుని జువ్వలదిన్నె వెళ్ళాను.

రేవులో పాట జోరుగా ఉంది. వరుసగా గంపలు, చుట్టూ వ్యాపారులు, మధ్యలో పోలయ్య. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది గానీ గొంతు అలాగే ఉంది, ఇంజన్ల మీద నుంచి ఎగిరొస్తోంది. నన్ను చూడగానే పాట మధ్యలోనే, "ఓయమ్మో, చిన్న డాక్టరమ్మ వచ్చింది! ఏందమ్మా, ఆ పక్క మెడ కూడా కోద్దామని వచ్చినావా? పెద్దామె పంపించిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను దగ్గరికి వెళ్ళి చెప్పాను. పెద్ద మాటలేమీ వాడలేదు. గ్రేసమ్మగారు చనిపోయారు పోలయ్యా, వారమైంది, అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. పెదవులు కదిలాయి, ఏమీ రాలేదు. చుట్టూ జనం నవ్వు ఆగిపోయింది. దుఃఖమూ లేదు, ఊరడింపూ లేదు, నా కళ్ళు నేరుగా ఆయన మూతి మీదికి పోయాయి. కుడిపక్క జారిందా, కన్ను మూతపడుతోందా, చెయ్యి వేలాడుతోందా. "పోలయ్యా, రెండు చేతులూ పైకెత్తు!" అని అరిచాను. "ఎత్తు! నా వైపు చూసి పళ్ళు చూపించు! నీ పేరు చెప్పు!"

పోలయ్య రెండు చేతులూ ఎత్తాడు. రెండూ ఒకే ఎత్తులో, కదలకుండా నిలబడ్డాయి. చేతులు అలా పైకి పెట్టుకునే, పళ్ళు చూపించాడు, చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"నాకేం కాలేదు తల్లీ" అన్నాడు. ప్రతి అక్షరం తేటగా వచ్చింది. "ఏడుపొస్తుండాది, అంతే. చేతులు దించమంటావా?"

దించమన్నాను. అప్పుడు, ఆ గంపల మధ్య, అంతమంది ముందు, నాకూ ఏడుపు వచ్చింది. ఎవరో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. కాసేపటికి పోలయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఆపిన చోట నుంచి పాట ఎత్తుకున్నాడు. చందువలు, వంజరాలు, కానాగంతలు, ఒక్కో పేరూ, ఒక్కో ధరా. నేను చివరి గంప అమ్ముడయ్యే దాకా అక్కడే నిలబడి విన్నాను.